సినిమాల్లో శోక వాద్యసంగీతం: మీకు బాగా నచ్చింది ఏది, మన బృందాలతో అయ్యేది ఏది?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. సంస్మరణ సభలకీ, పెద్దకర్మ నాటి సాయంత్రానికీ ఆర్కెస్ట్రా పార్టీని పిలవడం మన వైపు మామూలైపోయింది. పిలిచేవాళ్లలో చాలామంది ఇప్పుడు పాటలొద్దు, మాటల్లేని సంగీతం కావాలంటున్నారు. మన పార్టీలు చేసేది మాత్రం ఒకటే: కీబోర్డులో షెహనాయి ప్యాచ్ (ముందే నింపిన వాద్యం సౌండ్) పెట్టి, ఎకో పెంచి, శివరంజని లాగడం. పది నిమిషాలకే జనం సెల్‌ఫోన్లు తీస్తారు.

అందుకని రెండు ప్రశ్నలు. సినిమాల్లో విన్న శోక వాద్యసంగీతంలో మీకు అన్నిటికన్నా నచ్చింది ఏది, ఎందుకు? దాన్ని నాలుగు వయొలిన్లు, ఒక చెల్లో (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ లాంటిది), ఒక వేణువు, ఒక కీబోర్డుతో వాయించొచ్చా? పేరు చెప్పి పోవద్దు, లోపల ఏం జరుగుతుందో చెప్పండి.

నా ఓటు శామ్యూల్ బార్బర్ 'అడాజియో ఫర్ స్ట్రింగ్స్'కి. సినిమా కోసం రాసింది కాదు. 1936లో రాసిన తీగవాద్య చతుష్టయంలో (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కోసం రాసిన రచన) రెండో భాగం అది. బార్బరే దాన్ని పెద్ద తీగల బృందానికి మార్చాడు. 1938లో కండక్టర్ టోస్కానినీ రేడియోలో వినిపించాడు. 1980లో 'ది ఎలిఫెంట్ మ్యాన్' చివర్లో, 1986లో 'ప్లటూన్'లో వాడాక ప్రపంచమంతా అదే శోకగీతమైంది. వేణువు లేదు, కొమ్ము లేదు, డ్రమ్ము లేదు, ఉన్నవన్నీ తీగలే. మొదటి వయొలిన్లు ఒక్క స్వరం పట్టుకుని నిలబడతాయి, కింద తీగలు వచ్చి చేరతాయి, ఆ తర్వాత రాగం మెట్టు మెట్టుగా పక్క స్వరానికే కదులుతుంది, దూకదు. అలా ఎక్కి ఎక్కి పై స్థాయిలో గట్టిగా నిలిచి, ఒక్కసారిగా ఆగుతుంది. ఆ ఆగినచోటే నాకు ఆ రచన ప్రాణం.

కావలి కమాను

మంచి ప్రశ్న వేశారన్నా. బార్బర్ మీ బృందంతో అవుతుంది, కానీ పెద్ద బృందం ప్రతి తెచ్చుకోవద్దు. అందులో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు మళ్లీ పాయలుగా చీలతాయి, నలుగురికి పంచితే చిల్లులు పడతాయి. చతుష్టయం ప్రతి నలుగురి కోసమే రాసింది, దాన్ని పట్టుకోండి. మీకు వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, ఇంకా కిందికి పలికేది) లేదు కాబట్టి ఒక వయొలిన్‌కి వయోలా తీగలు కట్టించడం ఒక దారి, ఆ వంతు రెండో చెల్లోకి ఇవ్వడం ఇంకో దారి. వయొలిన్‌లో జి కిందకి స్వరమే లేదు. పైస్థాయికి ఎత్తి వాయిస్తే నడుమ ఖాళీ అయిపోయి మొదటి వయొలిన్ ఒంటరిగా కీచుమంటుంది.

శ్రుతి సంగతి. అది బి ఫ్లాట్ మైనర్, ఐదు ఫ్లాట్లు. ఈ శ్రుతిలో వయొలిన్ ఖాళీ తీగలు దాదాపు పనికిరావు, ప్రతి స్వరం వేలితో నొక్కాల్సిందే. అందుకే ఆ మూగ రంగు వస్తుంది, అందుకే కష్టం కూడా. కష్టమని అర స్వరం దించి ఏ మైనర్‌లో వాయించే బృందాలున్నాయి. వేళ్లకి హాయి, కానీ ఖాళీ ఏ, డి, ఇ తీగలు మధ్యలో ఖంగుమని మోగి శోకం కాస్తా పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ఏ మైనర్ తప్పదనుకుంటే ఖాళీ తీగ మోగించకూడదని రాతప్రతిలో ప్రతి చోటా 4 అంకె వేసి, నాలుగో వేలితోనే వాయించమనండి.

జరిగే పొరపాట్లు ఇవి:

కమాను అందరూ ఒకేచోట తిప్పుతారు. అంత నెమ్మది నడకలో అది ఊపిరి తెగినట్టు వినిపిస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ వేర్వేరు చోట్ల తిప్పాలి. ఎవరు ఎక్కడ అనేది రిహార్సల్లోనే పెన్సిల్‌తో రాసుకోవాలి.

మొదట్లోనే గట్టిగా మొదలుపెడతారు. శిఖరం వచ్చేసరికి పెంచడానికి ఏమీ మిగలదు. మొదటి సగం మొత్తం కమాను ఫింగర్‌బోర్డు వైపు జరిపి, తక్కువ బరువుతో నడపాలి. రాగం వయొలిన్ నుంచి కింది వాద్యాలకి, ఆ తర్వాత చెల్లోకి పోతుంది. అక్కడ మొదటి వయొలిన్లు తగ్గాలి. ఎవరూ తగ్గరు, అదే గొడవ.

శిఖరం తర్వాత నిశ్శబ్దంలో జనం చప్పట్లు కొడతారు. అయిపోయిందనుకుంటారు పాపం. కమాన్లు తీగకి దగ్గరగా గాల్లోనే ఉంచి, ఒక్కరూ కదలకుండా కూర్చుంటే ఎవరూ కొట్టరు. ఒక్క వాద్యకారుడు చెమట తుడుచుకున్నా చప్పట్లు పడతాయి.

చీమకుర్తిరాయి

బార్బర్, గీర్బర్ సరే. ఈతూరి కూడా చర్చ మొత్తం దొరల సినిమాలతోనే నడిపిస్తారా? మన నేలమీద పుట్టిన శోకం లేదా? సింగీతం శ్రీనివాసరావు మన నెల్లూరు జిల్లావాడే. 'పుష్పక విమానం' 1987. మాటే లేని సినిమా, ఎల్. వైద్యనాథన్ సంగీతం. మాట లేనప్పుడు సంగీతం ఎంత తక్కువ చెప్పాలో అది చూసి నేర్చుకోవాలి. ప్రతి ముఖకవళికకీ వయొలిన్ ఏడ్పించి ఉంటే ఆ సినిమా రెండో రీలుకే చచ్చేది.

అద్దంకితంబుర

చీమకుర్తి అన్నా, మన నేల అంటే నేను ఇంకాస్త ఉత్తరానికి పోతా. నా ఓటు బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి'కి, 1955. రవిశంకర్ సంగీతం. తండ్రి చాన్నాళ్లకి ఇంటికొచ్చి, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటీ చూపిస్తాడు, కూతురికి తెచ్చిన చీర తీస్తాడు. కూతురు లేదు. తల్లి నోరు తెరిచి ఏడుస్తుంది, ఆ ఏడుపు శబ్దం మనకి వినిపించదు. దాని బదులు తార్ షెహనాయి పై స్థాయిలో అరుస్తుంది. వాయించింది దక్షిణామోహన్ ఠాగూర్, రాగం పట్‌దీప్.

తార్ షెహనాయి అంటే ఊదేది కాదు. ఎస్రాజ్‌కి పాత గ్రామఫోను పెట్టెలో ఉండే లాంటి పొర, దానికో కొమ్ము బిగిస్తారు. కమానుతో వాయిస్తే తీగ కంపనం ఆ పొర మీదుగా కొమ్ములోంచి బయటికొస్తుంది. అందుకే అది మనిషి గొంతుకీ సన్నాయికీ మధ్య ఎక్కడో ఉంటుంది. మన దగ్గర దొరకదు. దాని దగ్గరికి పోవాలంటే ఒక వయొలిన్‌కి మ్యూట్ (వంతెన మీద తొడిగి మోత తగ్గించే చిన్న ముక్క) పెట్టి, వంతెనకి దగ్గరగా కమాను నడిపి, ఆ ఒక్కదాని మైకులో 1 నుంచి 1.5 కిలోహెర్ట్జ్ మధ్య 4 డెసిబెల్స్ పెంచండి. ముక్కుతో పాడినట్టు వస్తుంది, అదే కావాలి.

పట్‌దీప్ ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ స ని ద ప మ గ రి స. సాధారణ గాంధారం, కాకలి నిషాదం, దిగేటప్పుడు చతుశ్రుతి ధైవతం, చతుశ్రుతి రిషభం. మన లెక్కలో గౌరీమనోహరి స్వరాలే, ఎక్కేటప్పుడు రి, ద వదిలేస్తారు. మనవాళ్లు చేసే తప్పు ఏంటంటే నిషాదాన్ని కైశికి చేసి భీంపలాసీలోకి జారిపోవడం. ఆ ఒక్క స్వరం మారితే అరుపు పోయి లాలి వస్తుంది.

ఇంకోటి. మన సన్నాయి మేళం పెళ్లికీ గుడికీ. ఉత్తరాదిలో షెహనాయి కూడా పెళ్లి వాద్యమే. దాన్ని ఏడుపుకి కట్టేసింది సినిమా. పెద్ద నాయకులు పోయినప్పుడు ఆకాశవాణి మామూలు కార్యక్రమాలు ఆపి సారంగి, షెహనాయి, వీణ వేసేది, అది కూడా తోడైంది. కాబట్టి షెహనాయి ప్యాచ్ పెట్టగానే శోకం వచ్చేస్తుందనుకోకండి, మన పల్లెల్లో పెద్దవాళ్లకి అది ముహూర్తం వేళ సంగీతంగానే వినిపించొచ్చు.

ఒంగోలుకీస్

శివరంజని మీద ఒక మాట, కీబోర్డు వాయించే పిలకాయలందరికీ పనికొచ్చేది.

శివరంజనిలో ఉండేవి స రి గ ప ద మాత్రమే. సి శ్రుతి అనుకుంటే సి, డి, ఇ ఫ్లాట్, జి, ఏ. ఇందులో మధ్యమం లేదు, నిషాదం లేదు. మనోళ్లు సి మైనర్ కనిపించగానే అలవాటుగా ఎఫ్ మైనర్, జి మేజర్ కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) వేస్తారు. ఎఫ్ మైనర్‌లో ఏ ఫ్లాట్ ఉంది. రాగంలో ఉంది మామూలు ఏ. పైన వేణువు ధైవతం పట్టుకున్నప్పుడు కింద కీబోర్డు అర స్వరం తక్కువ ధైవతం నొక్కి ఉంటుంది. ఏదో అపశ్రుతి అని అందరికీ తెలుస్తుంది, ఎక్కడో ఎవరికీ తెలియదు, చివరికి వేణువు వాయించేవాడిని తిడతారు.

శివరంజనికి చక్కగా కుదిరేది సి మైనర్ ఒక్కటే. మార్పు కావాలంటే బేస్ మాత్రం కదపండి: స మీద నుంచి మంద్ర ధైవతానికి, అక్కడి నుంచి పంచమానికి. ఎడమ చెయ్యి ఒకే వేలితో. కుడి చెయ్యి స, ప పట్టుకుని ఉంటే చాలు.

శుభపంతువరాళి ఇంకా చిక్కు. 45వ మేళం: శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. సి శ్రుతిలో సి, డి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఏ ఫ్లాట్, బి. జి మేజర్ వెయ్యాలంటే మామూలు డి కావాలి, ఈ రాగంలో అది లేదు. అంటే పాశ్చాత్య పద్ధతిలో ఇంటికి చేర్చే కార్డు మీ చేతిలో లేనట్టే. ఉన్నవి సి మైనర్, ఏ ఫ్లాట్ మేజర్, ఏ ఫ్లాట్ మైనర్, బి మేజర్. ఏ ఫ్లాట్ మేజర్ నుంచి ఏ ఫ్లాట్ మైనర్‌కి మారడమంటే లోపల సి అనే స్వరం బి కి దిగడం, అంటే షడ్జమం నిషాదానికి జారడం. ఆ ఒక్క వేలు కదిలితే గది చల్లబడుతుంది. మిగతా వేళ్లు ముట్టుకోవద్దు.

ఇక సౌండ్ ఎంపిక. 'ఫుల్ స్ట్రింగ్స్' ప్యాచ్‌తో రాగం వాయించకండి, అది వెనక పరుపుకి మాత్రమే. కీ ఎంత బలంగా కొట్టారనేది స్వరం మొదలుని మారుస్తుంది తప్ప, పట్టుకున్న స్వరం పెరగదు, తగ్గదు. పెరగాలంటే ఎక్స్‌ప్రెషన్ పెడల్ కావాలి. పెడల్ లేకుండా శోకసంగీతం వాయించబోతే ఎత్తుపల్లం లేని గోడలా ఉంటుంది. సస్టెయిన్ పెడల్ తొక్కిపెట్టడం ఇంకో రోగం. కార్డు మారినప్పుడల్లా పెడల్ వదిలి తొక్కాలి, లేకపోతే పాత కార్డు కొత్త కార్డులో కలిసి మురికి.

కందుకూరుచెల్లో

మీ బృందం కొత్తదైతే బార్బర్ కన్నా ముందు బీథోవెన్ ఏడో సింఫనీ రెండో భాగం పట్టండి. 2010 'ది కింగ్స్ స్పీచ్'లో రాజు రేడియో ప్రసంగం చదివేటప్పుడు వెనక నడిచేది అదే. ఏ మైనర్. 1813లో మొదటిసారి వాయించినప్పుడు జనం ఈ భాగాన్నే మళ్లీ వాయించమన్నారు.

లయ: ఒకటి పొడుగు, రెండు పొట్టి, రెండు పొడుగు. తాం తక తాం తాం. ఆ నడక చివరిదాకా ఆగదు. రాగం మొదట్లో ఇ అనే ఒకే స్వరం మీద కొట్టుకుంటూ ఉంటుంది, కొత్త వాద్యకారుడు కూడా ఒక సాయంత్రంలో నేర్చుకుంటాడు. అసలు కదలిక కింద, కార్డుల్లో ఉంది.

పంచుకునే పద్ధతి: మొదటి తడవ చెల్లో రాగం, కీబోర్డు బేస్. వయోలాల మంద్రపు రంగు వయొలిన్‌తో రాదు, అందుకే చెల్లో. రెండో తడవ మూడో, నాలుగో వయొలిన్లు రాగం. చెల్లో దాని మీద ఆ ప్రసిద్ధమైన ఎదురు రాగం అందుకుంటుంది. మూడో తడవ రాగం రెండో వయొలిన్‌కి, ఎదురు రాగం మొదటి వయొలిన్‌కి. నాలుగో తడవ అందరూ. వేణువుని మొదట్లోనూ చివర్లోనూ వచ్చే ఊదే వాద్యాల కార్డుకి మాత్రం వాడండి, కీబోర్డులో ఓబో, క్లారినెట్ ప్యాచ్ కలిపి.

తప్పు జరిగేది వేగంలో. శోకం అనగానే ఈడ్చేస్తారు. బీథోవెన్ రాసింది అల్లెగ్రెట్టో, నిమిషానికి 76 దెబ్బలు. అంటే జనం పాడె వెంట నడిచే నడక, నిలబడి ఏడవడం కాదు. 50కి దించితే ఎనిమిదో ఆవర్తనానికే నడక చచ్చి, లయ ముక్కలవుతుంది. 66 నుంచి 72 మధ్య మన బృందాలకి సరిపోతుంది.

చీమకుర్తిరాయి

తాం తక తాం తాం అంటే తప్పెట మీద కూడా వాయించొచ్చు.

కందుకూరుచెల్లో

వాయించొచ్చు, కానీ వద్దు. మొదటి రెండు తడవలు వినీ వినబడనట్టుండాలి. తప్పెట వచ్చిందంటే చెల్లో ఇంటికి పోవచ్చు.

మైపాడుఅల

అందరూ మైనర్ మైనర్ అంటున్నారు. మాహ్లర్ ఐదో సింఫనీలో 'అడాజియెట్టో' ఎఫ్ మేజర్. తీగలు, హార్ప్, అంతే. దర్శకుడు విస్కోంటీ 1971లో 'డెత్ ఇన్ వెనిస్'కి వాడాక లోకం దాన్ని చావు సంగీతమనుకుంటోంది; మాహ్లర్ దాన్ని కాబోయే భార్య ఆల్మాకి ప్రేమలేఖగా రాశాడని ఆయన్ని ఎరిగిన కండక్టర్ మెంగెల్‌బెర్గ్ చెప్పాడు. ఎవరు నడిపిస్తున్నారనే దాన్నిబట్టి 7 నిమిషాల్లో అయిపోతుంది, 12 నిమిషాలు కూడా పడుతుంది. 7 నిమిషాల్లో ప్రేమ, 12లో సంతాపం. స్వరాలు అవే.

అలాగే ఎన్నియో మొరికోనే, 1984 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా', డెబోరా కోసం కట్టిన రాగం. అదీ మేజరే. వాక్యం వాక్యానికీ మధ్య ఆగుతుంది, తీగలు తేలి మాయమై మళ్లీ వస్తాయి. షూటింగుకి ముందే సంగీతం సిద్ధమైతే దర్శకుడు లియోనే దాన్ని సెట్లో వేసి నటీనటుల్ని నడిపించాడు. అందుకే కెమెరా కూడా ఆ సంగీతం ఊపిరితోనే కదులుతున్నట్టుంటుంది.

కావలి కమాను

మైపాడు అక్క చెప్పింది నిజం. మేజర్ శోకం వాయించడం కష్టం కూడా, కొంచెం తేలిగ్గా పట్టుకుంటే పెళ్లి రిసెప్షన్ అయిపోతుంది. దాని మందు వైబ్రేటో (తీగ మీద వేలు ఊపడం) తగ్గించడం. స్వరం మొదలు ఖాళీగా, మధ్యలో కొద్దిగా ఊపు, చివర మళ్లీ ఖాళీగా.

మ్యూట్ అడుగుతున్నారు కొందరు. రబ్బరుతో చేసిన చిన్న కచేరీ మ్యూట్ కొనండి. ఇంట్లో సాధనకి వాడే లావు మ్యూట్ పెడితే మైకులో ఈగ మోతే మిగులుతుంది.

కర్ణాటక వయొలిన్ వాళ్లని కలుపుకునేటప్పుడు: వాళ్ల తీగలు స ప స ప, మనవి జి డి ఏ ఇ. రాతప్రతి చూసి వేళ్లు వెయ్యమంటే కుదరదు. శ్రుతి మార్చుకుని రెండు వారాలు వాయిస్తే సరి, లేకపోతే వాళ్లకి పొడుగు స్వరాలు ఇవ్వండి. గమకం సంగతి ఇంకా ముఖ్యం. నలుగురూ ఒకే గాంధారాన్ని నాలుగు రకాలుగా ఊపితే తేనెతుట్టె కదిపినట్టే. గమకం ఒక్కరికే, మిగతా ముగ్గురివీ గీత గీసినట్టు నిలువు స్వరాలు.

మూలాపేటమైకు

సౌండ్ పెట్టేవాడి వైపు నుంచి నాలుగు ముక్కలు జెప్తా.

ఎకో ఆపండి ముందు. ఉపన్యాసానికి పెట్టిన డిలే అట్నే ఉంచి వయొలిన్ వాయిస్తే పాత స్వరం కొత్త స్వరం మీద పడతాది. కావాల్సింది రివర్బ్, హాల్ రకం. షామియానా కింద అయితే 2 నుంచి 2.2 సెకన్లు, ముందు ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు. మన పురమందిరం లాంటి గోడల హాల్లో హాలే కొంత మోగుతాది, 1.2 సెకన్లు దాటించొద్దు.

మిక్సర్‌లో ప్రతి చానల్‌కీ లో కట్ బటన్ ఉంటాది. 80 హెర్ట్జ్ దగ్గరో 100 దగ్గరో, దానికన్నా కింది మోతని కోస్తాది. మైకు గాలికి గుబగుబమనకుండా అందరం అలవాటుగా నొక్కేస్తాం. చెల్లో కింది తీగ సి 65 హెర్ట్జ్. బటన్ నొక్కితే ఆ తీగ సగం పోతాది, తర్వాత బేస్ లేదని ఈక్వలైజర్ తిప్పుతా కూర్చుంటాం. చెల్లో చానల్‌కీ కీబోర్డు చానల్‌కీ ఆ బటన్ తీసెయ్యండి, మిగతా వాటికి ఉండనీండి.

వయొలిన్‌కి తగిలించే పిక్కప్ సన్నగా, గరగరగా ఉంటాది. 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య 3, 4 డెసిబెల్స్ దించండి. కుదిరితే పిక్కప్పులు వదిలేసి, నలుగురినీ అర్ధచంద్రంగా కూర్చోబెట్టి, ఐదారడుగుల ఎత్తులో కండెన్సర్ మైకులు రెండు పెట్టండి. అప్పుడు మానిటర్ స్పీకర్లు చాలా తగ్గించాల, లేకుంటే కూత.

ఫ్యాన్లు. సీలింగ్ ఫ్యాను గాలి మైకుకి తగిలితే మెత్తటి భాగం మొత్తం గాలి మోతే. మే నెలలో నెల్లూరులో ఫ్యాన్లు ఆపమంటే మనల్నే ఆపుతారు. మైకులకి స్పాంజి తొడుగు, వేదిక మీది ఫ్యాన్లు మాత్రం బంద్, జనం మీదివి తిరగనీండి.

జనరేటర్ మీద నడిపేటప్పుడు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత వస్తే కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్సు (సిగ్నల్ మార్చే చిన్న పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. కరెంటు ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకే పని చెయ్యొద్దు, అది ప్రాణం మీదికి తెస్తాది.

బార్బర్‌లో నిశ్శబ్దం అన్నారే, అక్కడ మాస్టర్ ఫేడర్ తగ్గించొద్దు. రివర్బ్ తోక తనంతట తాను ఆరాల. ఫేడర్ దించితే కత్తితో కోసినట్టుంటాది.

గిద్దలూరుఘాట్

మూలాపేట అన్నా, వేణువు శ్రుతి సంగతి కూడా చెప్పాల్సింది. ఏసీ గదిలో శ్రుతి చూసుకుని 40 డిగ్రీల షామియానాలోకి వస్తే వెదురు వేణువు పైకి పోతుంది, వయొలిన్ తీగలు వదులై కిందకి జారతాయి. కీబోర్డు మాత్రం కదలదు. మూడూ మూడు దారులు. వాయించే చోటే అరగంట ముందు పెట్టెలు తెరిచి ఉంచాలి. వెదురుని మార్చలేం కాబట్టి కీబోర్డునే వేణువుకి సర్దాలి, దాని ఏ స్వరం 440 హెర్ట్జ్‌ని 442 కో 443 కో మార్చి. ఆఖరికి వయొలిన్లు. ఈ వరస తిప్పితే రెండుసార్లు చెయ్యాల్సి వస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో తేమకి వయొలిన్ బిరడాలు (తీగ బిగించే కొయ్యలు) ఉబ్బి బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పితే తీగ తెగుతుంది. ఎండాకాలంలో కొండవైపు గిద్దలూరు, మార్కాపురం పోతే అవే బిరడాలు వదులై జారతాయి. బిరడాకి రాసే మైనం లాంటి ముద్ద దొరుకుతుంది, లేకుంటే సుద్దముక్క కొంచెం రుద్దండి.

అద్దంకితంబుర

ఇళయరాజా పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేం? 2000లో 'హే రామ్'కి బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. ఆ సినిమా పాటలు ముందు వేరే సంగీతానికి చిత్రీకరించారు, ఇళయరాజా ఆ దృశ్యాలకే, ఆ పెదవుల కదలికలకే కొత్త బాణీలు కట్టారు. నాకు మాత్రం బుడాపెస్ట్ కన్నా చెన్నైలో వి.ఎస్. నరసింహన్ ఒంటి వయొలిన్ వాయించిన ముక్కలే ఇష్టం. వెనక తీగలు కదలకుండా నిలబడి ఉంటాయి, ఒక్క వయొలిన్ రాగం చెప్తుంది. మనకి చేతనయ్యే పద్ధతి అది. కావలి తమ్ముడు చెప్పిన 'గమకం ఒక్కరికే' అక్కడ నూటికి నూరుపాళ్లు కనిపిస్తుంది.

పెన్నాగట్టు

తెలుగులో పాట కాకుండా శోకం వాద్యాలతో నిలబడింది ఏది? 'మాతృదేవోభవ' అనగానే అందరికీ గుర్తొచ్చేది పాటే. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చిన పాట, కీరవాణి స్వయంగా పాడింది. 'దేవదాసు' కూడా అంతే, 1953. సుబ్బరామన్ మధ్యలో పోతే విశ్వనాథన్, రామ్మూర్తి పూర్తి చేశారు. అక్కడా ఘంటసాల గొంతే.

ఒంగోలుకీస్

సభలో ఆ పాటల్ని మాటల్లేకుండా వాయించొచ్చు, ఒక షరతు మీద. రాగాన్ని చెల్లోకి ఇవ్వండి, గాయకుడి స్థాయిలోనే. వేణువుకి ఇస్తే పై స్థాయిలో తేలిపోతుంది. మొదటి చరణానికి లయ వాద్యం వద్దు. పాట మధ్యలో వచ్చే వాద్య ముక్కలు అచ్చుగుద్దినట్టు వాయించకండి, జనం పాట పాడటం మొదలెడతారు.

సొంతంగా ఏదైనా కట్టాలనుకునేవాళ్లకి పాత కిటుకు ఒకటుంది. బేస్ షడ్జమం నుంచి పంచమానికి మెట్టు మెట్టుగా దిగడం. ఏ మైనర్‌లో ఏ, జి, ఎఫ్, ఇ. పదిహేడో శతాబ్దం నుంచి పాశ్చాత్య సంగీతంలో విలాపానికి గుర్తు అది. పర్సెల్ తన ఆపెరాలో డిడో విలాపానికి దాన్ని అర స్వరాలుగా దించాడు: ఏ మైనర్ లెక్కలో ఏ, జి షార్ప్, జి, ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ. చెల్లో ఒక్కటే ఇది వాయిస్తూ ఉంటే పైన వయొలిన్ రెండు స్వరాలతో సరిపెట్టినా సభ నిలబడుతుంది. తొందరపడి చెల్లోకి కీబోర్డు బేస్ కూడా కలపకండి, శ్రుతి వెంట్రుకవాసి తేడాతో రెండూ కొట్టుకుంటాయి.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, కానీ ఒక జాగ్రత్త. రాతప్రతులు ఇక్కడ పంచుకోమని కొందరు అడుగుతున్నారు. మన చట్టం ప్రకారం కర్త పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బీథోవెన్, మాహ్లర్ (1911లో పోయారు) స్వేచ్ఛగా వాడుకోవచ్చు. బార్బర్ 1981లో పోయారు, పంచుకోవద్దు, ముద్రించిన ప్రతి కొనండి.

ఇందులో అందరూ పడే గుంట 'ఆల్బినోని అడాజియో'. 1981 'గల్లిపోలి'లో ఉంది, ఇంకా చాలా సినిమాల్లో ఉంది. పాతకాలపు ఇటలీ సంగీతకర్త పేరు చూసి మూడు వందల ఏళ్ల నాటిదనుకుంటారు. దాన్ని 1958లో ప్రచురించింది రెమో జియాజొట్టో, రచన ఆయనదే. ఆయన పోయింది 1998లో. హక్కు ఉన్న రచనే. సభ చేసి వీడియో ఎక్కిస్తే అభ్యంతరం వస్తుంది. సినిమా పాటలు బహిరంగ సభలో వాయించడానికి ఐపీఆర్ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) అనుమతి సంగతి కూడా నిర్వహించేవాళ్లని ముందే అడిగి తెలుసుకోండి.

చీమకుర్తిరాయి

నేనూ ఒక దొర సినిమాకి ఓటేస్తా, కోప్పడకండి. దొర కాదు, జపాన్. కురొసావా 'రాన్', 1985, టోరు టకెమిత్సు సంగీతం. కోట మీద దాడి. బాణాలు, నిప్పు, శవాలు. ఒక్క శబ్దం వినిపించదు, కత్తుల మోత లేదు, అరుపులు లేవు, ఆర్కెస్ట్రా ఒక్కటే నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. తుపాకీ ఒకటి పేలి పెద్దకొడుకు కూలగానే సంగీతం తెగి, యుద్ధం మోత మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. సంగీతం ఎక్కడ మొదలైందన్నది ఎవరికీ గుర్తుండదు, ఎక్కడ తెగిందో మాత్రం జన్మలో మర్చిపోరు. ఇది మీ ఏడుగురితో కాదు, ఊరికే వినండి.

మైపాడుఅల

చీమకుర్తి అన్న సుత్తి కింద పెట్టి ఓటెయ్యడం చూశాం, ఇంకేం కావాలి.

పెన్నాగట్టు

సరే, గంటలో ఇరవై నిమిషాలు మనకిచ్చారనుకోండి. ఏ వరసలో వాయించాలి?

కందుకూరుచెల్లో

నా లెక్క ఇది. జనం వచ్చి కూర్చుంటున్నప్పుడు ఏదీ మొదలుపెట్టొద్దు, కుర్చీల చప్పుడులో మెత్తటి భాగం పోతుంది. తంబుర శ్రుతి ఒక్కటి వెయ్యండి. ఫొటోకి దండ వేశాక బీథోవెన్, ఎనిమిది నిమిషాలు. మధ్యలో మేజర్‌లోకి మారే భాగం వదిలేస్తే ఐదుకి వస్తుంది. ఆ తర్వాత మాటలు మాట్లాడేవాళ్లు మాట్లాడతారు. మాటల వెనక సంగీతం వెయ్యమని అడుగుతారు, ఒప్పుకోవద్దు. మాటలయ్యాక ఒంటి వయొలిన్, నిలువు తీగల మీద, పట్‌దీప్ కానీ శుభపంతువరాళి కానీ నాలుగు నిమిషాలు. ఆఖర్న మౌనం పాటిస్తారు కదా, బార్బర్ దానికి ముందు పెట్టండి, ఎనిమిది నిమిషాలు.

కావలి కమాను

బార్బర్ ముగిసేది ఇంటి కార్డు మీద కాదు, ఎఫ్ మేజర్ మీద, అంటే పంచమం మీద. వాక్యం పూర్తికానట్టే ఆగుతుంది. కీబోర్డు వాయించే పిలకాయకి ముందే చెప్పండి, అలవాటు కొద్దీ బి ఫ్లాట్ మైనర్ నొక్కి ముగించేస్తాడు.

ఒంగోలుకీస్

చెప్పినా నొక్కుతాడు. ఆ చివరి ఎనిమిది ఆవర్తనాలకి కీబోర్డు వాల్యూమ్ సున్నా చేసి, చేతులు ఒళ్లో పెట్టుకోమనండి.